నాలుగు వేళ్ళ మడత

మా ఆయనతో నాకు ముప్ఫై మూడేళ్ళుగా ఉన్న గొడవ ఒక్కటే. నేను మడతపెట్టిన బట్టలు ఆయనకు నచ్చవు. నోటితో అనడు. అంటే నేనూ నాలుగు అని ఊరుకునేదాన్ని. నేను తువ్వాళ్ళు మడిచి బీరువాలో పెట్టి వంటింట్లోకి వెళ్ళగానే చప్పుడు చేయకుండా వస్తాడు. అన్నీ విప్పి, అంచుకు అంచు కలిపి మళ్ళీ మడిచి పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతాడు. కొత్తకాపురంలో ఏడ్చాను. తర్వాత తిట్టాను. ఆ తర్వాత గోడకు చెప్పుకున్నట్టే ఉందని మానేశాను. కానీ బీరువా తలుపు కిర్రుమన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆయన్ని అని మాత్రం ఏం లాభం? పోలీసు శిక్షణ కేంద్రంలో యూనిఫారాల గది ఆయనదే. కొత్తగా చేరినవాళ్ళ చొక్కాలకు ఇస్త్రీ చేయడం, చొక్కా చేతులు ఎలా మడవాలో వాళ్ళకు నేర్పడం ఆయన ఉద్యోగం. నాలుగు వేళ్ళు ఆనించి మొదటి మడత. మళ్ళీ నాలుగు వేళ్ళు ఆనించి రెండోది. మూడోది మోచేతికి సరిగ్గా నాలుగు వేళ్ళ పైన ఆగాలి. భుజం నుంచి దిగిన ఇస్త్రీ గీత మడతల మీద కూడా తెగకుండా కనబడాలి. రవ్వంత తేడా వచ్చినా విప్పించి మళ్ళీ మొదటినుంచి మడిపించేవాడు. ఆయన చేతికింద చొక్కా చేతులు మడవడం నేర్చుకుని ఎంతమంది ఇన్‌స్పెక్టర్లయ్యారో ఆయనకే తెలియదు.

రిటైరయ్యాక మాత్రం మనిషి మనిషిలా లేడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటివాళ్ళు తీగమీద ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళు బట్టలు తీసుకెళ్ళాక ఆ ఖాళీ తీగనే చూసేవాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఎనిమిది నెలలు ఇదే వరస. ఈ మనిషి ఈ కుర్చీలోనే కరిగిపోతాడేమోనని నాకు నిజంగా భయం వేసింది. మా అన్నయ్య కొడుకు సినిమాల్లో దుస్తుల విభాగం చూసుకుంటాడు. మామయ్యకు ఏదైనా పని చూడమని రోజూ ఫోన్ చేసి వాడి ప్రాణం తోడేశాను.

"అత్తా, మామయ్య సినిమావాళ్ళ మధ్య నెగ్గుకురాలేడు," అన్నాడు వాడు.

"నెగ్గుకు రావద్దులేరా. ఇస్త్రీ చేస్తే చాలు," అన్నాను.

అలా పని దొరికింది. ఆ సినిమా కథ ఏమిటంటే, ఒక పోలీసు తాను పోలీసునన్న సంగతి దాచిపెట్టి దొంగసరుకు రవాణా చేసే ముఠాలో చేరతాడు. పేరు మార్చుకుంటాడు, గడ్డం పెంచుతాడు, ముఠా నాయకుడికి కుడిభుజమవుతాడు. చివర్లో దొరికిపోతాడు. ఆ పోలీసు వేషం వేసే హీరో చొక్కాల బాధ్యత మా ఆయనది. పొద్దున్నే ఇస్త్రీ చేయాలి, చొక్కా తొడగాలి, కెమెరా ముందుకు వెళ్ళేముందు చేతులు మడిచి పంపాలి. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి, అడక్కుండానే కంచంలో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. హీరో భుజాలు ఎంత వెడల్పో, చొక్కా గుడ్డ ఎంత మొండిదో చెబుతూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూ కూర్చున్నాను. ఎన్నాళ్ళకు విన్నాను ఆ గొంతు!

మూడు రోజులు అలా హాయిగా గడిచాయి. నాలుగోరోజు మధ్యాహ్నానికే ఆయన ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి, నేరుగా వెళ్ళి ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

జరిగిందేమిటో మా మేనల్లుడు ఫోన్‌లో చెప్పాడు. పోలీసు సంగతుల్లో తప్పులు దొర్లకుండా చూడటానికి ఆ రోజు ఒక రిటైరైన ఇన్‌స్పెక్టరును పిలిపించారట. మూడు రోజులుగా ముఠా స్థావరమని చూపించే గోడౌన్‌లో తీసిన సన్నివేశాలు ఆయనకు చూపించారు. ఆయన ఒకటి చూశాడు, రెండు చూశాడు, ఫక్కున నవ్వాడు.

"ఇతన్ని ముఠావాళ్ళు మొదటిరోజే పట్టేస్తారండీ. ఆ చొక్కా చేతులు చూడండి. అచ్చం మా శిక్షణ కేంద్రం మడత. ఎవరు మడిచారు?" అన్నాడట.

మా ఆయన ముందుకొచ్చాడు. ఇన్‌స్పెక్టరు గుర్తుపట్టి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కానీ డైరెక్టరు మొహం మాడిపోయింది. మూడు రోజుల పని. మళ్ళీ తీద్దామంటే గోడౌన్ రెండు రోజుల్లో ఖాళీ చేయాలి. ముఠా నాయకుడి వేషం వేసే పెద్ద నటుడు ఇంకొక్క రోజే ఉంటాడు. "పెద్దాయనా, రేపటినుంచి మీరు రావద్దు," అన్నాడట డైరెక్టరు, అరవకుండానే.

మర్నాడు పొద్దున హీరో చొక్కా ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయిందని తేలింది. గుండీ కుట్టడానికి తెచ్చాడు. "నువ్వు ఇచ్చిరా. నేను అక్కడ తలెత్తుకోలేను," అన్నాడు తీగవైపే చూస్తూ. చొక్కా సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఇచ్చేసి వచ్చేద్దామనే వెళ్ళాను, నమ్మండి.

గోడౌన్‌లో చెక్కపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక పెట్టెమీద డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. నేనెవరో చెప్పి చొక్కా చేతికిచ్చాను.

"అమ్మా, మీ ఆయనకు ఇంతమాత్రం తెలియదా? ముఠాలో కలిసిపోయినవాడు పోలీసులా చేతులు మడుచుకుంటాడా?" అన్నాడు.

నాకసలే ముక్కుమీద కోపం. పైగా ఇంట్లో ఆ కుర్చీ కళ్ళముందు మెదులుతోంది.

"ఎందుకు మడుచుకోడు బాబూ? మా ఆయన ఉద్యోగం మానేసి ఇన్ని నెలలైందా, ఇప్పటికీ ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు కూడా నాలుగు వేళ్ళు పెట్టే మడుస్తాడు. మానమని ముప్ఫై మూడేళ్ళుగా చెబుతున్నాను. మానాడా? మీ పోలీసు పేరు మార్చుకున్నాడు, గడ్డం పెంచాడు, మాట మార్చాడు. మరి చేతులు ఎక్కడ మార్చుకుంటాడు? పొద్దున్నే తొందరలో చొక్కా తగిలించుకునేటప్పుడు మడత గురించి ఎవడైనా ఆలోచిస్తాడా? చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. తప్పు మా ఆయనది కాదు, మీ పోలీసుది."

డైరెక్టరు తలెత్తి చూశాడు. "ఆ చివరిమాట మళ్ళీ చెప్పండమ్మా," అన్నాడు.

చెవుడా అని అడగబోయి తమాయించుకున్నాను. మళ్ళీ చెప్పాను. ఆయన గబుక్కున లేచి కథ రాసినతన్ని కేకేశాడు. మొదట రాసుకున్న కథలో ఎవడో ఫోన్ చేసి చెబితే ఆ పోలీసు దొరికిపోతాడట. అది డైరెక్టరుకూ నచ్చలేదు, రాసినవాడికీ నచ్చలేదు. ఇప్పుడు ముఠా నాయకుడు తన మనుషుల చొక్కా చేతులు చూసి, ఆ తర్వాత వీడివి చూసి, వీడు పోలీసని పోల్చుకుంటాడు. ఒక్క రోజు పని. తీసిన సన్నివేశాలు ఒక్కటీ పారేయక్కర్లేదు. "పెద్దాయన్ని పిలవండి," అన్నాడు డైరెక్టరు. గంటలో మా ఆయన వచ్చాడు, చేసిన నేరం ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా.

ఇంకో చిక్కు వచ్చింది. ముఠాలో పన్నెండు మంది. వాళ్ళ మడతలు అడ్డదిడ్డంగా ఉంటేనే హీరోది తేడాగా కనబడుతుంది. మా ఆయన మొదటివాడి చేతులు మడిచాడు. చక్కగా వచ్చాయి. విప్పాడు. "కాస్త వంకరగా," అన్నాడు డైరెక్టరు. వంకరగా మడిచాడు. ఆ వంకర కూడా కుడిచేతికీ ఎడమచేతికీ ఒకే కొలతలో వచ్చింది. నలుగురికి మడిచాడు, నాలుగూ అంతే. నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక పెట్టెల చాటుకు వెళ్ళాను.

"ఇది నావల్ల కాదు బాబూ," అన్నాడు మా ఆయన, అందరూ వింటుండగా. "మా ఆవిడకివ్వండి. తనలా మడవడం ఇంకెవరివల్లా కాదు."

ఎగతాళేమోనని మొహం చూశాను. కాదు. మా ఆవిడ చేతిలో ఒక పనితనం ఉంది, అది నాకు లేదు అన్నట్టు నిలబడ్డాడు. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆ చూపు చూడటం అదే మొదటిసారి. వెళ్ళి పన్నెండుమంది చొక్కా చేతులూ నాకెలా వస్తే అలా మడిచాను. ఒకడికి ఒకటి మోచేతి కింద ఆగింది, ఒకటి భుజం దాకా పోయింది. పదమూడోవాడు హీరో. అతని చేతులు మా ఆయన మడిచాడు.

సినిమా విడుదలయ్యాక ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆ సన్నివేశంలో పాట లేదు, మాట లేదు. ముఠా నాయకుడు పెట్టెమీద కూర్చుని ఒక్కొక్కడి చొక్కా చేతులే చూస్తాడు. అన్నీ నావే. ఆఖరికి హీరో చెయ్యి పట్టుకుని, ఆ మడతమీద తన నాలుగు వేళ్ళు ఆనించి చూస్తాడు. సరిగ్గా సరిపోతాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ మూడోవాడి ఎడమచెయ్యి చూశావా? ఎంత అన్యాయంగా కుదిరిందో," అన్నాడు. ఆ గొంతులో గర్వం.

ఆ డైరెక్టరు తర్వాతి సినిమాకు మా ఇద్దరికీ కబురు చేశాడు. కిటికీ దగ్గర కుర్చీని నేను వంటింట్లోకి లాగేసుకున్నాను. కూరలు తరుగుతూ కూర్చోవడానికి బాగుంది.

మొన్న ఆదివారం పొద్దున తువ్వాళ్ళు మడిచి బీరువాలో పెట్టి వచ్చాను. కాసేపటికి తలుపు కిర్రుమంది. కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి విన్నాను. వెంటనే తలుపు మళ్ళీ మూసుకుంది. లేచి వెళ్ళి చూశాను. పైనున్న తువ్వాలు ఒకటి తీసుకుని ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు. మిగతావన్నీ నేను పెట్టినట్టే వంకరగా ఉన్నాయి.