ఖాళీ బిళ్ళల అట్టలు

రొయ్యలు ఒలిచే షెడ్డుకి కూలీలను తీసుకెళ్ళే వ్యాను తెల్లవారుజామున అయిదింటికే వచ్చేస్తుంది. ఉప్పలగుప్తం సత్యవేణి వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి, వేడి టీతోనే థైరాయిడ్ బిళ్ళ మింగేస్తుంది. ఖాళీ అట్టలు పారేయదు. రబ్బరు బ్యాండు వేసి దాస్తుంది. మొన్న అమలాపురంలో రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరు, "బిళ్ళలు మానేశావా?" అని కసిరాడు. రొయ్య ముళ్ళు గుచ్చుకుని వాచిన వేళ్ళతో ఆమె ఆ అట్టల కట్ట తీసి బల్ల మీద పడేసింది. "ఒక్కరోజు కూడా మానలేదండీ. పొద్దున్నే టీతో మింగుతున్నానండీ." డాక్టరు గొంతు తగ్గింది. "టీతో మింగితే బిళ్ళ సరిగా ఒంటబట్టదమ్మా. తాగే మందుకి ఆ ఇబ్బంది తక్కువ, అది రాస్తాను."

సత్యవేణి అట్టల కట్ట తిరిగి చేతిలోకి తీసుకుంది. "జుట్టంతా ఊడిపోయేదాకా మూడుసార్లు డోసు పెంచేరు గానీ, దేంతో మింగుతున్నావని ఒక్కసారైనా అడిగేరాండీ?"