ముందు చిన్న దెబ్బ అనాలి

ఉక్కు కర్మాగారంలో ఆవిడ గది తలుపు మీద ‘ప్రజా సంబంధాలు’ అని రాసి ఉంటుంది. పత్రికలకు ప్రకటనలు రాయడం, వచ్చిన పెద్దమనుషులకు ఫ్యాక్టరీ తిప్పి చూపించడం ఆవిడ పని. వీటితోపాటు ఎవరూ ఒప్పుకోని ఇంకో పని కూడా ఆవిడ నెత్తినే పడింది. లోపల ఎవరికైనా ప్రమాదం జరిగితే వాళ్ల ఇంటికి ఫోన్ చేసేది ఆవిడే. అందుకే అందరూ ఫోనక్క అంటారు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ విద్య పాత మేనేజరు నేర్పాడు. “ముందు చిన్న దెబ్బ అనాలమ్మా. భయపడాల్సిందేం లేదు, కారు పంపిస్తున్నాం, ఒకసారి రండి అనాలి. దారిలో వాళ్లే గుండె దిటవు చేసుకుంటారు.” పధ్నాలుగేళ్లలో తొమ్మిది ఇళ్లకు ఆవిడ అలాగే చెప్పింది. ఆ తొమ్మిదిమందీ అప్పటికే పోయారు. నిజంగా చిన్న దెబ్బ తగిలినవాళ్లు ఇంటికి తామే ఫోన్ చేసుకునేవారు, వాళ్లకు ఆవిడతో పనేముంది!

కొత్త మేనేజరు వేరే దేశం మనిషి. మన మాట కష్టపడి నేర్చుకున్నాడు కానీ, దాన్ని చుట్టూ తిప్పి చెప్పడం మాత్రం ఒంటబట్టలేదు. ఫోనక్క ఫోన్ల సంగతి విని నిర్ఘాంతపోయాడు. “అబద్ధం చెప్పి మనిషిని రప్పిస్తారా? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి,” అన్నాడు. ఆవిడ తలూపింది. ఇక్కడి గుండెల సంగతి ఈయనకేం తెలుసులే అనుకుంది.

ఒకరోజు పన్నెండు గంటలవేళ సైరన్ మోగింది. కాసేపటికి ఆ మేనేజరే ఆవిడ గదికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లే మనిషి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఫోనక్క చేతిలోని కలం కింద పెట్టేసింది. అమ్మ పోయాక తన చేతులతో పెంచిన తమ్ముడు అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. అది అతని షిఫ్టు.

“క్రేను గొలుసు తెగింది. మీ తమ్ముడి కాలు విరిగింది. ప్రాణానికి భయం లేదు,” అన్నాడాయన. “వెల్డరుకు కూడా దెబ్బ తగిలింది. అతనెలా ఉన్నాడో నాకింకా తెలీదు. తెలియంది చెప్పను.” మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. “ఆసుపత్రికి నా కారులో వెళ్లండి.”

కారు! ఎదురుగా కూర్చోవడం, మంచినీళ్లు, ఆ మెత్తటి గొంతు, చివర్లో కారు. ఆయన దేశంలో అవన్నీ ఉత్త మర్యాదలు కావచ్చు. ఆవిడకు మాత్రం వాటికి ఒకటే అర్థం.

“నిజం చెప్పండి సార్, మీకు దండం పెడతాను. ఉన్నాడా?”

“ఉన్నాడు. చెప్పాను కదా!” అన్నాడాయన అయోమయంగా.

దారిపొడవునా ఆవిడ డ్రైవరు వీపునే చూస్తూ కూర్చుంది. డ్రైవరు మాట్లాడకపోతే భయం, గొంతు సవరించుకుంటే భయం. ఫోన్ మోగింది. మరదలు. పధ్నాలుగేళ్లుగా ఊరందరికీ ఫోన్లు చేసిన మనిషి ఆ ఒక్క ఫోన్ ఎత్తలేకపోయింది. గుండె దిటవు కాలేదు సరికదా, ప్రతి మలుపు దగ్గరా ఒకసారి తమ్ముణ్ణి చంపుకుంది, ఒకసారి బతికించుకుంది. తొమ్మిది ఇళ్లవాళ్లను ఇదే దారిలో ఇలాగే తిప్పానా దేవుడా అనుకుంది. వాళ్లలో ఒకావిడ మొగుడి కోసం ఉతికిన చొక్కా మడతపెట్టి మరీ తెచ్చింది.

ఆసుపత్రిలో తమ్ముడు కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. “అదేంటక్కా, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చావు?” అన్నాడు. ఆవిడ అతని భుజం మీద రెండు దెబ్బలు వేసి బావురుమంది.

ఆ ఏడుపు తగ్గకముందే మేనేజరు ఫోన్ చేశాడు. వెల్డరు దారిలోనే పోయాడట. అతని ఇంటికి చెప్పాలట, ఉన్నది ఉన్నట్టు.

ఫోనక్క ఆ నంబరు రెండుసార్లు నొక్కబోయి ఆగిపోయింది. చిన్న దెబ్బ అనడానికి ఇక నోరు రాలేదు. చచ్చిపోయాడని ఫోన్లో అనే ధైర్యమూ లేదు. చివరికి అదే కారెక్కి, మళ్లీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, తనే వాళ్ల ఇంటికి వెళ్లింది.

వెల్డరు భార్య కుట్టుమిషను మీద ఏదో కుడుతోంది. ఈవిడను చూసి లేచి నిలబడింది. “ఫోనక్కా, నువ్వొచ్చావేంటి?”

“మీ ఆయన పోయాడమ్మా,” అంది ఫోనక్క. “గొలుసు తెగి ఇనుము మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.” అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి, ఇక ఆమె ఎక్కడ కుప్పకూలుతుందోనని బిక్కచచ్చిపోయి చేతులు చాపింది.

ఆమె కూలిపోలేదు. ఏడవలేదు.

“ఫోన్ చెయ్యకపోయావా అక్కా,” అంది. “చిన్న దెబ్బని చెప్పకపోయావా. నేను అక్కడికొచ్చేదాకా అన్నా నాకు బతికుండేవాడు కదా.”