దీపం పెట్టినంక చల్ల

మా అత్తమ్మకు జరం దిగింది గానీ లోపలికి ముద్ద దిగలేదు. జావ ఇస్తే మొఖం తిప్పుడు, పాలు ఇస్తే వాంతి. పొద్దున డాక్టరు చూసి, "రేపటికి కూడా ఏమన్న తినకపోతే జగదల్‌పూర్ తీసుకపోవాలె" అన్నడు. భోపాల్‌పట్నం నుంచి అంత దూరం, ఆ ఒళ్ళుతోని! బండి కుదుపులకే పోతదేమోనని నా గుండెల రాయి పడ్డది. మా ఆయన బండి మాట్లాడనీకి బజారుకు పోయిండు. ఇంట్ల నేనొక్కదాన్నే.

పొద్దుగూకే యాళ్ళకు ఆమెనే పిలిచింది.

"కొంచెం చల్లచారు చేస్తవా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఆవుది ఉన్న చల్లంత గిన్నెల పోసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి పొయ్యి మీద పెట్టిన. చల్లచారుకు ముందు శనగపిండి కలపాలె, మంట సన్నగ ఉండాలె, చెయ్యి ఆపొద్దు. పెండ్లైన కాడి నుంచి ఆమె తిట్టి తిట్టి నేర్పిన పని. ఆ తొందరల శనగపిండే మరిచిన. అంతల లోపల ఆమె దగ్గింది, ఉరికిన. వచ్చి చూస్తే మంట లేచి, చారు తుకతుక ఉడికి విరిగిపోయింది. కింద నీళ్ళు, మీద పలుకులు. "నా చేతులు పడిపోను!" అని నన్ను నేనే తిట్టుకున్న. ఇంట్ల ఇంకో చుక్క చల్ల లేదు.

అప్పటికే దీపం పెట్టిన. దీపం పెట్టినంక చల్ల బయటికిస్తే లక్ష్మి పోతదని మా తెలుగోళ్ళ పట్టింపు. పక్కింటి వదినెను అడిగితే గడప దాటకుండనే, "ఏంది వదినె, తెలిసే అడుగుతున్నవా? మాకు చెప్పింది మీ అత్తనే గదా" అన్నది. ఒళ్ళు మండింది గానీ, అది నిజమే మరి. మా వాడల ఆ పట్టింపుకు మా అత్తమ్మనే పోలీసు.

ఇగ మిగిలింది వెనుకింటి దోర్లా తెగ ఆమె. పాలు దూడవే, పిండొద్దు అంటరు వాళ్ళ పెద్దలు. ఒక ఎండకాలం ఆమె బిడ్డకు విరేచనాలై, ఇట్లనే పొద్దుగూకినంక చల్లకొస్తే, మా అత్తమ్మ "పొద్దున రా" అని పంపేసింది. పిల్ల ఎట్లనో బతికింది. ఆమె మాత్రం పెద్దలు గొణిగినా వినకుండ బర్రెను కొన్నది. మళ్ళ మా గడప తొక్కలేదు. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని అడగాలె?

అయినా పోయిన. చెంబు కొంగు చాటుకు పెట్టుకొని, "బిడ్డ బాగుందా? బడికి పోతుందా?" అని నసిగిన. ఆమె నవ్వింది. మా తెలుగు ఆమెకు మాకంటే బాగొచ్చు.

"చల్లకొచ్చి ముంత దాచుడెందుకక్కా? ఇటు తే."

సంగతి చెప్పిన. చెంబు నిండ పోసింది. "ఎవరిచ్చిండ్రో ముసలామెకు చెప్పకు, తాగదు" అన్నది.

ఈసారి పొయ్యి కాడి నుంచి కదల్లేదు. శనగపిండి కలిపిన, మంట తగ్గించిన, చెయ్యి ఆపకుండ కలుపుతనే ఉన్న. పోపు పెట్టి, అన్నం మెత్తగ పిసికి కలిపి తీసుకపోయిన.

ఒక బుక్క నోట్ల పెట్టుకొని ఆగింది.

"ఇది మన ఆవు చల్ల కాదు. బర్రెది. ఎవరిచ్చిండ్రు?"

అబద్ధం నోటిదాక వచ్చింది. చెప్తే ఉమ్మేస్తదని భయం. చెప్పకపోతే? ఆమె ముందట నా అబద్ధం ఎన్నడు నిలబడ్డది గనక!

"వెనుకింటామె" అన్న.

ఆమె కండ్లు దీపం దిక్కు తిరిగినయి. నేను ఆ గొంతుకనే చూస్తున్న. అది మెల్లగ కదిలింది. బుక్క దిగింది.

"పెట్టు" అన్నది.

గిన్నె ఖాళీ అయ్యేదాక తిన్నది. మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నది.

"చెంబు ఉత్తగ పంపకు. రేపు చల్ల చిలికి, నిండ పోసి ఇయ్యి."

"పొద్దుగాలనే ఇచ్చొస్త అత్తమ్మా."

"పొద్దుగాల వద్దు. దీపం పెట్టినంక, వాడంత చూస్తుండంగ తీసుకపో."