దండం పెట్టే బొమ్మ

పోయిన ఆదివారం మా మేనమామ మనవరాలు మా ఇంటికి వచ్చింది. ఏదో పోటీ పరీక్ష రాయడానికి ఊరి నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో హాస్టల్లో దిగిందట. పరీక్ష అయిపోయాక ఒక్కతే చార్మినార్, మ్యూజియం చూసుకొని, మెట్రోలో నాంపల్లి స్టేషన్ దగ్గర దిగి, వరుసకు అత్తనైన నన్ను పలకరించి పోదామని వచ్చింది. అన్నం తినమంటే తినొచ్చానన్నది, ఉండమంటే సాయంత్రం బండికి టికెట్ ఉన్నదన్నది. చాయ్ చల్లారేలోపు ఫోన్ తీసి మ్యూజియంలోని పెద్ద గడియారం వీడియో చూపించింది. పన్నెండు అవుతుండగా చిన్న తలుపులోంచి గడ్డం బొమ్మ బయటికి రావడం, గంట కొట్టడం, మళ్లీ లోపలికి పోవడం అన్నీ చూపించి, నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"అత్తమ్మా, గంట కొట్టే ముందు గీ బొమ్మ మనకు దండం పెడ్తదని మా తాత చెప్పిండు. మా అక్క కండ్లార చూసిందని గిప్పటికీ అంటడు. ఒంటిగంట దాంక ఆగి మల్ల చూసిన, పెట్టలే. ఏంది గది?"

ఆ తాత అక్క అంటే మా అమ్మే. అమ్మ పోయి నలభై ఏళ్లు దాటింది.

ఆ రోజుల్లో పట్నంలో ఇల్లున్నవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. స్టేషన్ వెనక సందులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నాన్న బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. దవాఖానకు వచ్చినవాళ్లు, కోర్టు పని మీద వచ్చినవాళ్లు, ఆబిడ్స్‌లో పెళ్లి బట్టలు కొందామని వచ్చినవాళ్లు, చలికాలంలో ఎగ్జిబిషన్ చూద్దామని పిల్లాజెల్లాతో దిగినవాళ్లు, అందరికీ మా ఇల్లే సత్రం. వస్తున్నామని రాసిన కార్డు చుట్టాలు వచ్చిన మర్నాడు చేరేది. వచ్చినవాళ్లకు పట్నం చూపించకుండా పంపితే అమ్మకు తలకొట్టేసినట్టుండేది. నాన్నకు సెలవు దొరకదు గనుక పదకొండేళ్ల వయసు నుంచే ఆ పని నా మీద పడింది. పొద్దున నడిచిపోయి పబ్లిక్ గార్డెన్, బయట నిలబడి అసెంబ్లీ, తర్వాత బస్సెక్కి పన్నెండు కాకముందే మ్యూజియం, ఆ పైన చార్మినార్, సాయంత్రం ఆబిడ్స్ లైట్లు. ఆ అద్దాల దుకాణాల ముందు నోరు తెరిచి నిలబడిపోయిన పెద్దవాళ్లను చెయ్యి పట్టి రోడ్డు దాటించేటప్పుడు నా బడాయి చూడాలి, పట్నమంతా మా నాన్న కట్టించినట్టే.

మొదటిసారి తిప్పుకొచ్చిన రోజు సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు చేస్తూ నన్ను పక్కన కూచోబెట్టుకొని ఒక్కొక్కటే అడిగింది. గడియారం దగ్గరికి వచ్చేసరికి, తర్వాతేమైంది, తర్వాతేమైంది అని వదల్లేదు. చెప్పాల్సింది అయిపోయింది, అమ్మ మాత్రం ఇంకా నా మొహమే చూస్తున్నది. ఏం చెయ్యను, నోటికి వచ్చింది చెప్పాను. గంట కొట్టే ముందు ఆ బొమ్మ మన దిక్కు తిరిగి రెండు చేతులూ జోడించి దండం పెడుతుందన్నాను. రొట్టె కొట్టే చెయ్యి ఆపి అమ్మ నవ్వింది. అంత పెద్ద నవాబుల గడియారంలో ఉండి కూడా మనలాంటోళ్లకు దండం పెడుతుందా అని ఆశ్చర్యపోయింది.

ఇక ఆనాటి నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ పొద్దున్నే ఆ ముచ్చట చెప్పేది. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో, బొమ్మ గడ్డం ఏ రంగో, ఎంతసేపట్లో లోపలికి పోతుందో, అన్నీ చెప్పి, దండం సంగతి చివరికి చెప్పేది. వినేవాళ్లకు గడియారం కళ్ల ముందు ఆడేది. దండం మాట నేను కల్పించిందే గదా, అది చెబుతున్నదంటే ఆమె చూడలేదని నాకు తట్టాలి. తట్టలేదు! పైగా నా అబద్ధం నిలబడిందని లోపల్లోపల మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను టైపు నేర్చుకొని ఉద్యోగంలో చేరాక, ఒక సాయంత్రం మా చిన్నాయన మ్యూజియం చూసొచ్చి, బొమ్మ దండం పెట్టలేదని తేల్చి చెప్పాడు. జనం అడ్డమొచ్చి నీకు కనబడలేదని అమ్మ వాదించింది. పక్క గదిలో జడ వేసుకుంటున్న దాన్ని, చేతులు ఆగిపోయాయి. ఇరవై నాలుగేళ్లుగా నాంపల్లిలో ఉన్న మనిషి, వచ్చేపోయేవాళ్లందరినీ పంపిన మనిషి, తాను పోలేదు. ఆయన పడుకున్నాక అడిగితే, ఇందులో విడ్డూరమేముందన్నట్టు చూసింది.

"గా బొమ్మ పన్నెండు సార్లు గంట కొట్టేదీ పన్నెండింటికే, మన నల్లా వచ్చేదీ పన్నెండింటికే. ఇంటినిండ సుట్టాలను పెట్టుకొని నీళ్లు పట్టకుంటె ఎట్లనే?"

మరుసటి శనివారానికే సెలవు పెట్టాను. నీళ్లు తాను పట్టి పెడతానని పక్కింటామె మాట ఇచ్చింది. అమ్మ పెళ్లిళ్లకు కట్టే నీలం పట్టుచీర కట్టింది, పులిహోర డబ్బాలో సర్దింది, ఈ చెప్పులు బాగుంటాయా అని రెండుసార్లు అడిగింది. ఆబిడ్స్ దాకా నడిచిపోయాం. దారిలో ఒక దుకాణం అద్దం ముందు ఆగి కొంగు సవరించుకుంటుంటే, బస్సు పోతుందని నేనే తొందరపెట్టాను.

స్టాపులో నిలబడ్డామో లేదో, గౌలిగూడ బస్టాండు నుంచి వచ్చిన బస్సు ఎదురుగా ఆగింది. అక్కా అని కేక. చూస్తే మా మేనమామ. వెనక రేకుపెట్టెతో అత్త, ఇద్దరు పిల్లలు. అత్తకు సోమవారం దవాఖానలో చూపించాలట. తమ్ముణ్ని చూసేసరికి అమ్మ మొహం విప్పారింది, అది మాత్రం అబద్ధం కాదు. ఎక్కడికి బయల్దేరినవని మామ అడిగాడు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"యాడికి లేదురా. పిల్ల మ్యూజియం పోతున్నది. నువ్వు, పిల్లలు ఆమెతోని పోయి బొమ్మను చూసి రాండ్రి, నేను మరదలును తీస్కొని ఇంటికి పోత. నేను మస్తు సార్లు చూసిన."

నా చేతికి పులిహోర డబ్బా ఇచ్చింది. అప్పుడు నేను నోరు విప్పాలి. అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు మామా, పిల్లలు రేపు చూస్తారు అంటే సరిపోయేది. మామ మంచివాడు, అక్కను తానే ఎక్కించేవాడు. కానీ తమ్ముడి ముందు అమ్మ మాట తీసేసినట్టవుతుందని ఊరుకున్నానో, అలవాటు ప్రకారం చుట్టాలను చూడగానే ముందు నడవడం మొదలుపెట్టానో, ఇన్నేళ్లయినా నాకే తేలలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే, రేకుపెట్టె ఒక పక్క అత్త, ఒక పక్క అమ్మ పట్టుకొని, నీలం చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతుండగా నాంపల్లి దిక్కు నడుస్తున్నారు.

ఆ రోజు జనం ఎక్కువ. చిన్నోణ్ని భుజాల మీద ఎక్కించుకొని వెనక నిలబడ్డ మామకు గంట వినబడిందే గాని బొమ్మ సరిగ్గా కనబడలేదు. ఏం ఫికర్ లేదు, మా అక్క చెప్పింది గద అన్నాడు. సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి నీలం చీర మడత పెట్టి పెట్టెలోకి పోయింది, అమ్మ పాత చీరలో రొట్టెలు చేస్తున్నది. నన్ను చూడగానే గొంతు తగ్గించి, ఇయ్యాల దండం పెట్టిండా అని అడిగింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ దొరకదు. పెట్టిండు అన్నాను.

మళ్లీ పోదాం, మళ్లీ పోదాం అనుకుంటూనే మూడు సెలవులు చుట్టాలతో గడిచిపోయాయి. ఆ వానాకాలంలో అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. దవాఖానలో పన్నెండు రోజులుంది. ఆమెను చూడడానికి ఊరి నుంచి వచ్చినవాళ్లతో ఇల్లు నిండిపోయింది, వాళ్లందరికీ వండి పెట్టడానికి ఒక మనిషి ఇంట్లో ఉండాలి గదా, నేనున్నాను. పన్నెండో రోజు మధ్యాహ్నం నల్లా కింద బిందె పెట్టి ఉండగా మామ ఏడుస్తూ సందు మొదట్లోంచి వచ్చాడు. ఆ బిందె నిండి పొర్లుతుంటే పక్కింటామె వచ్చి నల్లా కట్టేసింది.

దినాలకు వచ్చినవాళ్లలో ఇద్దరు ఎన్నడూ పట్నం చూడలేదన్నారు. నాన్న నా వైపు చూశాడు. నేను లేవలేదు. అప్పటినుంచి ఎవ్వరికీ పట్నం చూపించలేదు, ఆ గడియారం ముందు నిలబడనూ లేదు.

ఫోన్ పట్టుకొని జవాబు కోసం చూస్తున్న పిల్లకు ఏం చెప్పను? ఎనభై దాటిన వాళ్ల తాత, తన అక్క కళ్లారా చూసిందన్న నమ్మకంతో ఇన్నేళ్లూ బతికాడు.

"అప్పట్ల పెట్టేది బిడ్డా. వాళ్లక్క చెప్పింది నిజమేనని తాతకు చెప్పు" అన్నాను.

పిల్ల సంచి తగిలించుకొని పోయింది. ఇప్పుడు ఊరివాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం పోతారు, ఉన్నా లాడ్జిలో ఉంటారు, దారి ఫోనే చెబుతుంది. మా మేడ మీద ట్యాంకులో ఎప్పుడూ నీళ్లుంటాయి. వచ్చినవాళ్ల కోసం ఎవరో ఒకరు ఇంట్లో ఆగిపోయే అవసరం ఎవరికీ లేదు. మంచిదే, అట్లాగే ఉండాలి. ఆ సుఖం నలభై ఏళ్ల ముందు ఒక్క శనివారానికి దొరికి ఉంటే చాలు. ఊళ్లకు ఊళ్లనే వెంటబెట్టుకొని పట్నం చూపించాను, మా అమ్మకు మాత్రం చూపించలేదు.