ఈరన్న వేలు

కదిరిలో రామాంజనేయులుకు బోరు లారీల షెడ్డుంది. ఏ లారీకి ఇంజన్ నూనె మార్చాలో అక్కడ చెప్పవలసింది ఈరన్న. నూనెలో వేలు ముంచి, బొటనవేలితో నలిపి, "ఇంకో వారం తోలుకోపో" అంటే డ్రైవర్లు మారుమాట లేకుండా తోలుకుపోయేవారు. ఆ వేలికున్న మర్యాదే తన మర్యాదని అతని నమ్మకం.

ఆ మర్యాదకు రెబెకా ఎసరు పెట్టింది. కెమిస్ట్రీ చదివిన గుంతకల్లు పిల్ల. యజమాని ఎక్స్‌రే మిషన్ కొని ఆమెను దాని ముందు కూర్చోబెట్టాడు. చిన్న గిన్నెలో నూనె పోసి లోపల పెడితే, అందులో ఏ లోహం ఎంతుందో తెరమీద పడుతుంది. ఇనుము పెరిగిందంటే ఇంజన్ అరుగుతున్నట్టే. ఇప్పుడు డ్రైవర్లంతా "రెబెకమ్మ ఏమనె?" అని అడుగుతున్నారు. ఈరన్నకు కడుపు మండిపోయేది. ఆమె తెచ్చుకునే టిఫిన్ డబ్బాను చూసినా కుళ్లే.

ఒకరోజు ఈరన్న ఎప్పటిలాగే గిన్నెలోని నూనెను వేలితో చూసి, ఆ గిన్నెనే ఆమెకిచ్చాడు. తెర చూసి రెబెకా తెల్లబోయింది. కొత్త నూనెలో కంపెనీవాళ్లు కలిపే కాల్షియం కన్నా, ఈ వాడిన నూనెలో రెండింతలుంది.

"మిషన్‌కు తిక్క పట్టినాదప్పా" అని ఈరన్న షెడ్డంతా చాటాడు. యజమాని కూడా వచ్చాడు.

"తప్పు చూపిస్తే వాపసిచ్చేస్తా. నువ్వు గూడా ఇంటికి పోవాల్సిందే, పాపా."

ఈరన్న లోలోపల పండగ చేసుకున్నాడు. ఆ సంబరంలో తమలపాకు తీసి, వేలితో సున్నం రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు. రెబెకా ఆ వేలినే చూసింది. దానికి ఇంకా తెల్లగా సున్నం అంటుకుని ఉంది. సున్నమంటే కాల్షియమే.

ఆమె దగ్గరకొచ్చి మెల్లగా అంది, "చెయ్యి కడుక్కోని ఇంకోసారి నూనె తీసుకురా, ఈరన్నా."

ఈరన్న తన వేలిని చూసుకున్నాడు. గబగబా చెయ్యి కడుక్కుని మళ్లీ నూనె తెచ్చాడు. రెండోసారి లెక్క సరిగ్గా వచ్చింది.

"మరి ముందేమైనాది?" అన్నాడు యజమాని.

"గిన్నె నేనే సరిగ్గా కడగలేదు సార్."

డ్రైవర్లు ఆమెను చూసి నవ్వారు. ఈరన్న నవ్వలేదు. ఆ పిల్లకు దండం పెట్టాల్సిన చోట అతనికి ఇంకా మంట రేగింది. చదువు ఆమెదే, మిషన్ ఆమెదే. ఇప్పుడీ మంచితనం కూడా ఆమెదే అయిపోయింది. తప్పు నాదని ఒప్పుకునే మాటొకటి తన వంతుకు మిగిలి ఉండగా, దాన్ని కూడా ఆ పిల్లే ముందు అనేసింది.