సలోమి టీచరుగారి చెయ్యి

నిన్న మధ్యాహ్నం విజయవాడలో మా రికార్డింగ్ స్టూడియోలో ఒక తమాషా జరిగింది. నా చేతి వాచీని కంప్యూటర్లోని సంగీతం సాఫ్ట్‌వేర్‌కు కలిపి ఉంచాను. వాచీ ఉన్న చెయ్యి పైకెత్తితే వేణునాదం పై స్వరానికి వెళ్తుంది, దించితే కిందికి వస్తుంది, మణికట్టు ఊపితే స్వరం ఊగుతుంది. అద్దానికి అవతల ఒక అమ్మాయి పాట పాడి ముగించింది. బాగా పాడింది. నా ప్రమేయం లేకుండానే నా కుడిచెయ్యి కాస్త లేచి, ఎవరి తలనో దూరం నుంచి నిమిరినట్టు మెల్లగా దిగింది. స్పీకర్లలో వేణువు ‘ఊఁ...’ అని లేచి, దిగి, ఆగింది. మా సౌండ్ ఇంజనీరు కిరణ్ పకపకా నవ్వి, “మేడమ్, మీ చెయ్యి మాట్లాడుతోందండీ!” అన్నాడు. ఆ శబ్దం నేను మొదటిసారి విన్నది చల్లపల్లిలో. ఆ కదలిక మా సలోమి టీచరుగారిది.

మా చిన్నతనంలో చల్లపల్లి ఆడపిల్లలకు సంగీతమంటే సలోమి టీచరుగారే. పగలు బడిలో పాఠం, సాయంత్రం ఇంటి వరండాలో పాఠం, ఆదివారం చర్చిలో పాటల బృందం. త్యాగం లేకుండా గొంతు పండదని ఆవిడ నమ్మకం, అందుకని ఎండాకాలం సెలవుల్లో కూడా మమ్మల్ని వదిలేవారు కాదు. గీతాలూ వర్ణాలూ ఆవిడే చెప్పేవారు, క్రైస్తవ కీర్తనలూ ఆవిడే. “వాళ్ళింట్లో మన సంగీతమేంటే?” అని మా నాయనమ్మ మొదట్లో మూతి ముడిచింది. ఒకనాడు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి, ఆవిడ తోడి రాగం పాడుతుంటే గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మర్నాటి నుంచి మా పెరట్లో కాసిన మొదటి మునక్కాయలు టీచరుగారింటికే వెళ్ళేవి.

ఆవిడ కుడిచేతికి రెండు పనులు. తొడ మీద తాళం వెయ్యడం ఒకటి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ దొరికితే గాలిలో గమకం గియ్యడం ఇంకొకటి. స్వరం ఎక్కడ ఊగాలో, ఎక్కడ జారాలో, ఎక్కడ నిలబడాలో అంతా ఆ చేతిలో కనిపించేది. తోడిలో గాంధార స్వరం నాకు ఎంతకీ కుదరక, తోచినట్టు గొంతు వణికించి గట్టెక్కాలని చూసేదాన్ని. ఆవిడ ఊరుకుంటేగా!

“నోరు మూసుకుని, చేత్తో చూపించు,” అన్నారు.

“నేను పాడ్డానికొచ్చానండీ, గాల్లో ముగ్గులెయ్యడానికి కాదు,” అన్నాను. నోటిదురుసు నాకు పుట్టుకతోనే ఉంది.

“గొంతు అబద్ధమాడుద్దే. రాకపోయినా వచ్చినట్టు వణుకుద్ది. చేతికి అన్ని తెలివితేటల్లేవు. ఎయ్యి ముగ్గు.”

వేశాను. చెయ్యి ఎక్కడికి వెళ్ళాలో తెలియక గాలిలో దిక్కులు చూసింది. అప్పుడు తెలిసింది నాకు గాంధారం రాదని. వచ్చేవరకూ నా చేత ముగ్గులు వేయిస్తూనే ఉన్నారు. అంత చెప్పినా ఆవిడ నోట ‘శభాష్’ అన్న మాట మేమెవరమూ వినలేదు. పాట కుదిరితే ఆ కుడిచెయ్యి కాస్త లేచి, మెల్లగా దిగేది. దానికోసం మేము పడి చచ్చేవాళ్ళం. తాళంలో పడి ఆ చెయ్యి లేచిందో లేదో సరిగా చూడలేక, ఇంటికి పోయేదారిలో ‘లేచింది’, ‘లేవలేదు’ అని కొట్టుకునేవాళ్ళం కూడా.

నేను ఇంజనీరింగ్ చదివి, సంగీతాన్ని వదల్లేక స్టూడియో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకు గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట గుసగుసగా వచ్చేది, స్వరం అసలు నిలిచేది కాదు. చూడ్డానికి వెళ్తే వరండాలో చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. బడి నుంచి రిటైరైన మనిషికి, పిల్లలు లేని మనిషికి ఆ వరండాయే లోకం. వీధి చివర కొత్తగా కీబోర్డు క్లాసు వచ్చిందని, తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని అటు పంపుతున్నారని చెప్పారు.

“వాళ్ళ తప్పేముందే? పాడి చూపించలేని దాని దగ్గర పాట ఎవరు నేర్చుకుంటారు? ఈస్టర్ పాటలయ్యాక ఆపేస్తాను,” అన్నారు. ఆ గుసగుసలో ఏడుపు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాకు తెలిసిన విద్యలన్నీ ఆవిడ ముందు పరిచాను. కీబోర్డు తెస్తానన్నాను. “అది మెట్లే. గమకం మెట్లెక్కదు, ఉయ్యాలూగుద్ది,” అన్నారు. ఆవిడ పాత రికార్డింగుల నుంచి కంప్యూటర్లో ఆవిడ గొంతునే తయారుచెయ్యొచ్చన్నాను. “పోయినదాన్ని పోనీ. పిల్లలకి నా దెయ్యం చేత పాఠం చెప్పిస్తావా?” అన్నారు. అంటూ కుడిచెయ్యి విసిరారు. ఆ విసురు చూశాకే నాకు దారి దొరికింది.

ఆ వారమే ఫోను, లాప్‌టాప్, ఒక చిన్న స్పీకరు పట్టుకుని బస్సెక్కాను. ఫోను కదిలినట్టల్లా లాప్‌టాప్‌లోంచి వేణునాదం కదిలేలా అమర్చాను. ఫోను చేతిలో పెట్టి, బొటనవేలు తెరమీద ఉన్నంతసేపూ నాదం వస్తుందని, వేలు తీస్తే ఆగుతుందని, మిగతాదంతా చెయ్యి చూసుకుంటుందని చెప్పాను. ఆవిడ వేలు ఆనించి చెయ్యి కొంచెం ఊపారు. వరండాలో గాంధారం ఊగింది. నా చిన్నప్పటి గాంధారం, అణువంత తేడా లేకుండా! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ ఉత్సాహంగా పిల్లల్ని పిలిచి పాఠం మొదలుపెట్టారు. అంతే, కుడిచెయ్యి అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేసింది. దెబ్బ పడ్డప్పుడల్లా స్వరం పాతాళానికి పడి, కప్పలా ఎగిరింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఫోను ఎడమచేతికి మార్చారు. ఆ చేతికి జీవితంలో ఎన్నడూ సంగీతం చెప్పలేదు, అది మొద్దులా ఉండిపోయింది. ఆవిడ ఫోను నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. నేను దిగులుగా విజయవాడ బస్సెక్కాను. మళ్ళీ రమ్మంటారన్న ఆశ లేదు.

ఆదివారం ఆవిడే ఫోన్ చేయించారు. వెళ్ళేసరికి వరండా మధ్యలో నిలబడి ఉన్నారు. పాఠమంటే చాపమీద కూర్చునే చెప్పాలన్న మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, నిలబడి, ఫోను లేకుండా ఉత్త చేత్తోనే చెబుతున్నారు. “కూర్చుంటే చెయ్యి తొడ మీదికే పోతోందే. తొడ లేకుండా చేశాను,” అన్నారు. నా చేతిలోని ఫోను అందుకుని పిల్లలవైపు తిరిగి, “ఇకనుంచి తాళం మీది. ఇన్నాళ్ళూ నేను మోశాను, ఇక మీరు మొయ్యండి,” అన్నారు. పిల్లలు బందరు బస్సు వెళ్ళిపోతున్నట్టు తాళాన్ని పరుగులు పెట్టించారు. ఆవిడ వాళ్ళను ఆపి, మళ్ళీ మొదలుపెట్టించి, మళ్ళీ ఆపి, ఈస్టర్ వరకూ అదే పని. జీవితమంతా పట్టుకున్న తాళాన్ని ఆ వయసులో వదిలి, పసిపిల్లల తాళం మీద తన స్వరాన్ని నిలబెట్టడం ఎంత ధైర్యమో అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు. తర్వాత ఎంతోమంది గొప్ప కళాకారులతో పనిచేశాను. అలవాటైన ఒక్క కుర్చీ మారిస్తే అలిగేవాళ్ళను చూసినప్పుడల్లా ఆవిడే గుర్తొచ్చారు.

ఈస్టర్ నాడు చర్చి నిండిపోయింది. కీబోర్డు క్లాసుకు మారిన పిల్లల తల్లులు కూడా కిటికీల దగ్గర చేరారు, వింత చూడ్డానికి. తెల్లచీరలో టీచరుగారు ఫోను పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు తాళం ఎత్తుకున్నారు. ఆవిడ చెయ్యి ఒక వరుస పలికింది, పిల్లలు అందుకున్నారు. చెయ్యి జారితే వాళ్ళ గొంతులు జారాయి, చెయ్యి ఊగితే ఊగాయి, నిలిస్తే నిలిచాయి. ఎక్కడా తాళం తప్పలేదు. పాట ముగిసింది. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ బొటనవేలు తియ్యడం మరిచిపోయారు. కుడిచెయ్యి కాస్త లేచి, మెల్లగా దిగింది. ఆ నిశ్శబ్దంలో వేణువు ‘ఊఁ...’ అని లేచి, దిగి, ఆగింది.

ముందు వరుసలోని చిన్నపిల్ల గట్టిగా అరిచేసింది. “టీచరుగారు శభాష్ అన్నారు!”

“నేనేం అన్లేదు,” అని గుసగుసగా కసిరారు ఆవిడ. అంటూనే నవ్వారు. మెట్ల దగ్గర ఒక తల్లి వచ్చి, “ఎండాకాలం సెలవుల్లో కూడా క్లాసులుంటాయాండీ?” అని అడిగింది. మర్నాడు చాపలు మళ్ళీ పరిచారు.

ఆ వరండాలో పాఠం ఆవిడ ఉన్నంతకాలం సాగింది. పోయిన వానాకాలంలో ఆవిడ వెళ్ళిపోయారు. ఆనాటి రికార్డింగు నా దగ్గర ఉంది. చివర్లో ఆ అదనపు శబ్దాన్ని కత్తిరిద్దామని కిరణ్ ఎన్నోసార్లు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. నాకు తెలియకుండానే నేనూ ఎవర్నీ నోటితో మెచ్చుకోవడం మానేశాను. మెచ్చాల్సి వచ్చినప్పుడు చెయ్యి తనంతట తానే లేస్తుంది.

నిన్న కూడా అలాగే లేచింది. అద్దానికి అవతల అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, కంగారుగా నావైపు చూసింది. “చివర్లో ఏదో సౌండొచ్చిందండీ. ఇంకో టేక్ పాడమంటారా, మేడమ్?”

“అక్కర్లేదమ్మా,” అన్నాను. “మా టీచరుగారికి నచ్చింది.”