గాలికి ఎగిరిపోయిన మా గుడారం

తమ చేతులతో తామే తమ ఇంటిని సముద్రంలో కలుపుకున్నవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉన్నారా? లేకపోతే నన్ను లెక్కేసుకోండి. అది గుడారమే అనుకోండి. కానీ ఆ సాయంత్రానికి మాకున్న ఇల్లు అదొక్కటే. అది ఎగిరిపోతున్నప్పుడు నేను ఫోటోకి నవ్వుతూ నిలబడి ఉన్నాను. ఇంతకంటే ఘోరం ఉండదనుకుంటున్నారు కదా? ఉంది. వినండి.

మాది పొందూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. నేను చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన సింహాచలానిది బారువ వైపు చేపల వేట కుటుంబం. పేరులోనే కొండ ఉంది, మనిషి కూడా పేరుకు అన్యాయం చేయలేదు. పెళ్ళైన మొదటి వేసవి సెలవుల్లో భావనపాడు నుంచి బారువ దాకా సముద్రం ఒడ్డునే నడిచి వెళ్దామని నేనే అన్నాను. మా ఆయన సంబరపడ్డాడు. నేను సామాన్లు సర్దడం మొదలుపెట్టేదాకా ఆ సంబరం నిలిచింది.

అప్పటికి నాకు ఫోన్లో వీడియోల పిచ్చి పట్టి ఉంది. వీపున సంచులు తగిలించుకుని దేశాలు తిరిగేవాళ్ళు "బరువు తగ్గించండి, బరువు తగ్గించండి" అని మంత్రంలా చెబుతుంటే, నేను కొత్తగా దీక్ష పుచ్చుకున్నదానిలా వంటింటి కాటా తెచ్చి హాల్లో పెట్టాను. ప్రతి వస్తువూ దానిమీద కూర్చుని పరీక్ష పాసవ్వాల్సిందే. సబ్బుని బొబ్బట్టు కంటే పల్చగా కోశాను. చొక్కాల మెడ దగ్గర చీటీలు కత్తిరించాను. టవల్ తీసేసి పొందూరు ఖద్దరు తువ్వాలు ఒకటి పెట్టాను. అది ఆరడం తేలిక, మోయడం అంతకంటే తేలిక.

"లుంగీలు రెండు పెట్టుకుంటాను, పార్వతీ."

"ఒకటి సాలు, బావా. పగలు కట్టుకో, రాత్రి కప్పుకో."

"మరి ఉతికినప్పుడు?"

"సముద్రంలో నిలబడు."

ఆయన నా వంక చూసిన చూపు ఈరోజుకీ గుర్తుంది. స్టీలు గ్లాసు, దుప్పటి, చిన్న కత్తి, అన్నీ ఇంట్లోనే ఆగిపోయాయి. చివరికి గుడారానికి కొట్టే ఇనుప మేకుల మూట వచ్చింది. కాటా ముల్లు ఉలిక్కిపడింది.

"ఇసకలో మేకులు నిలబడతాయేటి? తీసెయ్," అన్నాను.

"గాలొస్తాదే."

"గుడారం దానికదే నిలబడతాది. వీడియోలో సెప్పినాడు."

మా ఊరి పొలంలో గడ్డివాము మీద కప్పిన పట్టా కూడా నాలుగు రాళ్ళు లేకుండా ఆగదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ వీడియోనే నమ్మాను.

ఇంకో బరువు కూడా తీసేశాను. అది సంచిలోది కాదు. దారిలో మా ఆయన పెద్దమ్మ నూకాలు ఊరుంది. తల్లి చేపలమ్మడానికి వెళ్ళిన రోజుల్లో మా ఆయనని పెంచింది ఆవిడే. పెళ్ళప్పుడు మమ్మల్ని దీవించి, దీవెనతో పాటు ఎండుచేపల బస్తా ఒకటి, కొబ్బరికాయల బస్తా ఒకటి కారెక్కించింది. "ఒకపాలి ఇంటికి రండర్రా" అని అప్పటినుంచీ ఫోన్లు చేస్తూనే ఉంది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ బస్తాల్లోనే వస్తుంది. బరువు తగ్గించుకుని నడుస్తున్న మనిషికి అలాంటి ఇల్లు ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

"తిరుగు ప్రయాణంలో బస్సులో వచ్చి చూద్దాం. ఇప్పుడు చెప్పకు," అన్నాను.

మా ఆయన తలూపి సంచి మూతి బిగించాడు. అంత తేలిగ్గా తలూపాడంటే బాధపడ్డట్టేనని అప్పటికి నాకింకా తెలియదు.

బయల్దేరాం. సంచి వీపు మీద ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చేది. నేను సీతాకోకచిలుకలా ముందు, మా ఆయన ఆకలితో వెనక. మరుసటి రోజు పొద్దు వాలుతుండగా పెద్దమ్మ ఊరికి కాస్త ఇవతల, సరుగుడు తోట పక్కన ఆగాం. ఎవరూ చూడరని నా ధీమా. నారింజ రంగు గుడారం విప్పి నిలబెట్టాను. నిలబడింది. గాలి వీచింది. గుడారం ఒక పక్కకి లేచి, మళ్ళీ కూర్చుని, ఎటు పోవాలా అని ఆలోచిస్తున్నట్టు ఊగింది.

"దేన్నయినా లోపల పెట్టే, బరువుగా," అన్నాడు మా ఆయన.

రెండు సంచులూ పెట్టాను. సంచులతో సహా లేచింది. చెప్పులు పెట్టాను. ఉన్న నీళ్ళ సీసా పెట్టాను, అదీ సగం ఖాళీ. అప్పుడు వెలిగింది నాకు. మా దగ్గర బరువున్న వస్తువు ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా మా ఆయనే.

"బావా, నువ్వు లోపల కూకో."

కూర్చున్నాడు. గుడారం గుడిలా స్థిరపడింది. వెనక సముద్రం, ఎర్రటి ఎండ, నారింజ గుడారం, అందులో మా ఆయన. అద్భుతంగా ఉంది. అంత అద్భుతం ఎదురుగా ఉంటే ఎవరికైనా ఏం బుద్ధి పుడుతుంది?

"బావా, ఇలగొచ్చి నాకో ఫోటో తియ్యి."

"నాను లెగిస్తే..."

"ఒక్క ఫోటోయే. బేగి రా."

వచ్చాడు. ఫోన్ పట్టుకున్నాడు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాను. ఫోన్ వెనక మా ఆయన నోరు మెల్లగా తెరుచుకుంది. నా అందం చూసి అనుకున్నాను.

"పార్వతీ... ఎగిరిపోనాది!"

వెనక్కి తిరిగి చూస్తే గుడారం సరుగుడు చెట్ల ఎత్తున పోతోంది. మా బట్టలు, మా తిండి, మా సమస్తం అందులోనే. ఇద్దరం పరిగెత్తాం. ఒకచోట కిందికి దిగి మాకోసం ఆగినట్టే ఆగింది. మా ఆయన చెయ్యి చాచాడు. మళ్ళీ లేచింది. తోట మలుపు తిరిగేసరికి ఎదురుగా ఊరి జనం ఇటు కొందరు, అటు కొందరు నిలబడి ఒడ్డు నుంచి పెద్దవల లాగుతున్నారు. వల చుట్టిన నీళ్ళ మధ్యలోకి, కొలిచి వేసినట్టు, మా గుడారం పడింది.

"ఓలమ్మో! ఏటది?"

"లోపల మనిసున్నాడేమో, సూడండ్రా!"

ఇద్దరు కుర్రాళ్ళు తాళ్ళు వదిలి నీళ్ళలోకి దూకారు. ఆడవాళ్ళు గట్టున కేకలు. అంతవరకూ నాకు అదంతా నవ్వులాటగానే ఉంది. మా పిచ్చికి ఎవరికైనా ఏమైనా అయితే? "మనుషుల్లేరు! ఎవరూ లేరు! మావే!" అని గొంతు పోయేలా అరుస్తూ పరిగెత్తాను. కుర్రాళ్ళు క్షేమంగా బయటికొచ్చారు. వలతోపాటు గుడారమూ వచ్చింది, కడుపులో పిడికెడు కవ్వళ్ళ చేపలతో. తాడుకి చిక్కి ఒక పక్క నిలువునా చిరిగింది.

"వల్లో పడ్డాది వలదే," అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు. అప్పుడు బుట్ట చంకన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ ఒకావిడ వచ్చింది.

"ఎవుల్దిరా ఈ గుడ్డ?"

మా ఆయన చటుక్కున నా వెనక దాక్కున్నాడు. నా వెనక ఆయన దాక్కోవడమంటే కరెంటు స్తంభం వెనక గేదె దాక్కోవడమే.

"సింహాచలం! ఒరే, నువ్వేటిరా ఇక్కడ?"

"నడుస్తన్నాం, పెద్దమ్మా..."

"ఊరి పక్కకొచ్చి గుడ్డ కింద తొంగుంటారేటి? నా ఇల్లు కానలేదేటి?"

"అదేటంటే... బరువవుతాదని..."

పెద్దమ్మ ముఖంలో రంగు మారింది. బుట్ట కింద పెట్టింది. "నాను నీకు బరువైపోనానేటిరా?" అంది చాలా మెల్లగా. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి గానీ నా పేరు చెప్పలేదు.

ఇక నేనే ముందుకొచ్చాను. "ఆయన తప్పు లేదత్తా. నేనే వద్దన్నాను. మీరు మూటలు కట్టిస్తారు, మోయలేమని..." అంటూ కాటా సంగతి, మేకుల సంగతి, లుంగీ సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ తడిసిన నా సంచిని రెండు వేళ్ళతో ఎత్తింది. ఆశ్చర్యపోయి, తిరగేసి చూసింది.

"ఇందులో ఏటీ లేదు కదే, గుంటా! గాలి మోస్తన్నారేటి?"

ముందు ఆవిడే నవ్వింది. తర్వాత ఊరంతా నవ్వింది. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. రెండు రోజులుగా అణుచుకున్న నవ్వు పాపం. నాకూ నవ్వాగలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఇంటిదాకా వదల్లేదు. ఆ పూట కవ్వళ్ళ పులుసుతో నేను తిన్న అన్నం ఏ కాటా మోయలేదు. తెల్లారేసరికి మా గుడారం కాకులు రాకుండా ఆవిడ ఎండుచేపల మీద కప్పి ఉంది, చుట్టూరా రాళ్ళు పెట్టి.

"మా గుడారం, అత్తా..."

"మీకెందుకే ఇది? దార్లో అందరికీ ఫోన్లు సేసేసినాను."

అలా అన్నదాని అర్థం ఆ సాయంత్రం తెలిసింది. తర్వాతి ఊరి ఒడ్డున మా ఆయన చిన్నత్త నిలబడి ఉంది. ఆ తర్వాతి ఊళ్ళో పెత్తండ్రి కొడుకు. మాకు పరుపులు, పులుసులు, పొద్దున్నే మూటలు. బారువ చేరేసరికి జీడిపప్పు, కొబ్బరికాయలు, ఎండురొయ్యలు, ఒక చాప, ఎవరో ప్రేమగా ఇచ్చిన ఇత్తడి బిందె. అవన్నీ మోయడం మనుషుల వల్ల కాక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. చీపురుపల్లిలో మా వీధి మలుపులో కిరాణా కొట్టాయన ఆటో ఆపించి, ఎండకి నల్లబడ్డ మమ్మల్ని పోల్చుకోలేక, ఒకసారి చాపనీ బిందెనీ చూసి మర్యాదగా అడిగాడు.

"కొత్తగా కాపరానికి దిగతన్నారేటమ్మా? ఇల్లు ఎక్కడ సూసుకున్నారు?"

కాబట్టి మహాజనులారా, ఎండురొయ్యల బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అత్తారి చుట్టాలున్న తీరం వెంట తేలిగ్గా నడిచి వెళ్ళిపోదామని ఈ జన్మలో మరి అనుకోను. నడవాల్సే వస్తే ముందే ఆటో మాట్లాడుకుని బయల్దేరతాను.